తెల్ల చామంతుల మధ్య మొరిత గారు

గోదావరి జిల్లాల వాళ్ళు మర్యాదతో మనిషిని చంపేస్తారని బయటి ఊళ్ళవాళ్ళు మమ్మల్ని ఆటపట్టిస్తుంటారు. వాళ్ళ ఉద్దేశం, వద్దన్నా వడ్డిస్తామని, చాలన్నా నెయ్యి పోస్తామని. నేను ఆ మాటని అక్కడితో ఆపలేదు. చాలా దూరం తీసుకువెళ్ళాను. ఆ దెబ్బకి మా ఆయన చెరువుల మీద పెట్టిన కష్టమంతా ఒక మధ్యాహ్నం పూట గాలిలో వేలాడింది, ఒక పెద్దమనిషి తన ఆయుష్షు గురించి తనే అనుమానపడ్డాడు, మా అత్తగారికి నన్ను జీవితాంతం దెప్పడానికి సరిపడా సరుకు దొరికింది. చదివి నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లోవాళ్ళు తెల్ల చామంతి కనిపించినప్పుడల్లా నవ్వుతూనే ఉన్నారు.

అప్పట్లో నాకు జపాన్ పిచ్చి. జపాన్ అనగానే పూసిన చెట్లు, పట్టు కిమోనోలు, గంటసేపు టీ కలపడం, అలాంటి మర్యాదైన పిచ్చి అనుకునేరు. కాదు. నాది జపాన్ హత్యల పిచ్చి. ఒసాకా రేవులో శవం తేలుతుంది, హంతకుడు హాంకాంగులో సూటు కుట్టించుకుంటూ ఉంటాడు, దొంగసరుకు జర్మనీలో దిగుతుంది, ఈ మూడింటినీ కలపాల్సిన డిటెక్టివు మాత్రం టోక్యోలో ఒక సందు చివర నిలబడి నూడిల్స్ తింటూ తన విడాకుల గురించి బాధపడుతుంటాడు. ఇలాంటివి ఫోన్లో కొనుక్కుని, పప్పు ఉడికేలోపు ఒక హత్య, కూర దగ్గరపడేలోపు ఇంకో హత్య చొప్పున పూర్తి చేసేదాన్ని. కాలేజీలో ఇంగ్లీషు లిటరేచర్ చదివినందుకు ఆ మాత్రం ప్రయోజనం ఉండాలి కదా.

అలా చదివి చదివి, జపాన్ మీద నాకు గట్టి పట్టు వచ్చేసిందని నేననుకున్నాను. నేననుకోవడమే కాదు, చుట్టుపక్కల వాళ్ళందరి చేతా అనిపించాను. నిజానికి నాకు తెలిసిందల్లా, ఆ దేశంలో మనిషిని ఎన్ని రకాలుగా చంపవచ్చో. పొద్దున్నే వాళ్ళు ఏం తిని ఆఫీసుకి వెళతారని అడిగితే నీళ్ళు నమిలేదాన్ని. కానీ ఎవరూ అడగలేదు.

ఇక్కడ నేను పుస్తకం చదివే పద్ధతి కూడా చెప్పాలి, కొంప ముంచింది అదే కాబట్టి. ముందు మొదటి అధ్యాయం చదువుతాను, చచ్చిందెవరో తెలియాలి. వెంటనే చివరి అధ్యాయం, చంపిందెవరో తెలియాలి. ఆ రెండూ తేలి మనసు కుదుటపడ్డాక, మధ్యలో ఎక్కడ వేలు పడితే అక్కడ చదువుతాను.

"అలా చదివితే కథ ఏం అర్థమవుద్దే?" అని మా ఆయన ఒకసారి అడిగారు.

"మీరు సినిమాకి ఇంటర్వెల్ ముందు వెళ్ళి, క్లైమాక్స్‌కి బయటికొచ్చి కారు తీస్తారు. మీకు అర్థం కావడం లేదా?"

ఆయన కారు తాళాలు తీసుకుని బయటికి వెళ్ళిపోయారు. వాదనలో నన్ను గెలిచినవాళ్ళు మా వీధిలో లేరు. గెలవకపోవడం వాళ్ళ అదృష్టమని చాలామంది అనేవారట, అది వేరే సంగతి.

మా ఆయనకి భీమవరం పక్కనే రొయ్యల చెరువులున్నాయి. రొయ్యని పెంచడం ఒక ఎత్తు, అమ్మడం ఇంకో ఎత్తు. చెరువులో వలేసి రొయ్యలు పట్టే పట్టుబడి రోజున ఏజెంటు వచ్చి, రొయ్యని చేతిలోకి తీసుకుని, మూతి విరిచి, ఏదో ఒక వంక పెట్టకపోతే అతనికి ఆ రోజు అన్నం అరగదు. ఆ మూతివిరుపులు పడలేక మా ఆయన ఒక నిర్ణయం తీసుకున్నారు. మా ఊళ్ళో రొయ్యల్ని శుభ్రం చేసి ఎగుమతి చేసే ప్లాంటు ద్వారా సరుకు కొనే జపాన్ కంపెనీ ఒకటుంది. వాళ్ళు ఏజెంట్లతో పని లేకుండా, తమ నిబంధనల ప్రకారం పెంచిన చెరువుల నుంచి నేరుగా తీసుకుంటారు. ఆ నిబంధనల కోసం ఆయన మందులు మానేశారు, మేత మార్చారు, గట్టు మీద నిద్రపోయారు. పక్కచెరువుల వాళ్ళు నవ్వినా పట్టించుకోలేదు. ఇక మిగిలింది ఒకటే. ఆ కంపెనీ తరఫున మొరిత గారని ఒకాయన వచ్చి, చెరువులు చూసి, సరేనని తల ఊపాలి. ఊపితే మా బతుకు మారుతుంది. ఊపకపోతే మళ్ళీ ఏజెంటు మూతి.

ప్లాంటు మేనేజరు గారు మా ఇంటికొచ్చి జాగ్రత్తలు చెప్పారు. "మొరిత గారు మా చెడ్డ స్ట్రిక్టండి. రూలంటే రూలే. మొన్న ఒకాయన చెరువు దగ్గర చెప్పులు ముంచే మందునీళ్ళ తొట్టి ఎండిపోయి ఉందని, కారు దిగకుండానే వెనక్కి తిప్పించేశారండి. మరి భోజనం ఏ హోటల్లో పెట్టిద్దామంటారు?"

మా ఆయన నా వైపు గర్వంగా చూశారు. ఆ చూపే మా కొంప ముంచింది. "హోటలెందుకండీ? మా ఆవిడకి జపాన్ సంగతులన్నీ కొట్టినపిండండి. ఇంట్లోనే పెడదాం."

"ఆయ్, అయితే ఇంకేం కావాలండి" అన్నారు మేనేజరు గారు, గుండె మీంచి బరువు దిగినట్టు.

ఆ బరువు నేరుగా నా నెత్తి మీదకి వచ్చింది. నేను దాన్ని కిరీటం అనుకున్నాను.

గొప్ప అతిథిని జపాన్ పద్ధతిలో ఆహ్వానించడం ఎలా? నాకు వెంటనే ఒక నవలలోని సన్నివేశం గుర్తుకొచ్చింది. మధ్యలో వేలు పడ్డచోట చదివిందే. పెద్ద హాలు. ఎదురుగా ఒక ముఠానాయకుడి ఫోటో, నలుపు తెలుపుల్లో, నల్ల ఫ్రేములో. చుట్టూ గోడలా పేర్చిన తెల్ల చామంతులు. ముందు అగరుధూపం. పక్కన గిన్నెలో గుట్టగా అన్నం, అందులో నిటారుగా గుచ్చిన రెండు పుల్లలు, అదే, వాళ్ళు అన్నం తినడానికి వాడే పుల్లలు. నల్లదుస్తులు వేసుకున్న పెద్దమనుషులు ఒక్కొక్కరే వచ్చి, నడుము వంచి నమస్కరించి, మాటామంతీ లేకుండా పక్కకి తప్పుకుంటున్నారు. ఆ నాయకుడు మాత్రం ఒక పలచటి తెర వెనక కూర్చుని, ఎవరెవరు వచ్చారో, ఎవరు ఎంత వంగారో చూసుకుంటూ మురిసిపోతున్నాడు.

నాకు వేరే అనుమానమే రాలేదు. మనిషి బతికి ఉన్నాడు, ఫోటో ఉంది, పూలున్నాయి, జనం వచ్చి దణ్ణాలు పెడుతున్నారు. భీమవరంలో పుట్టి పెరిగిన మనిషిని, దీన్ని సన్మానం అనుకోక ఇంకేం అనుకుంటాను? మన దగ్గర ప్రెసిడెంటు గారి మనవడి అన్నప్రాసనకే సెంటర్లో ఫ్లెక్సీ కడతారు. వాళ్ళు కాస్త పద్ధతిగా, అరుపులు లేకుండా చేసుకుంటున్నారు, అంతే తేడా అనుకున్నాను.

మొరిత గారి ఫోటో మా ఆయన ఫోన్లో ఉంది. గేటు పాసు కోసం కంపెనీ వాళ్ళు పంపింది. దాన్ని తీసుకుని ఫ్లెక్సీలు వేసే బుజ్జి దగ్గరికి వెళ్ళాను.

"స్వాగతానికి అమ్మగారూ? అయితే చూడండి, వెనకాల ఉదయించే సూర్యుడు, పైన పావురాలు, కింద మీవారి ఫోటో, మీ ఫోటో, మీ పెదమావయ్య గారి ఫోటో..."

"ఏమీ వద్దు. ఆయనొక్కడే. నలుపు తెలుపు. చుట్టూ నల్ల ఫ్రేము కట్టించు."

బుజ్జి మౌసు మీంచి చెయ్యి తీసేశాడు. గొంతు తగ్గించాడు. "ఏమీ అనుకోకండి అమ్మగారూ. కింద తేదీలు వెయ్యాలాండి?"

"తేదీలెందుకు?"

"అంటే... పుట్టింది, ఇంకోటీ."

"ఇంకోటేంటయ్యా? ఆయన రేపు మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి వస్తున్నాడు."

"ఆయ్, వస్తారండి" అన్నాడు బుజ్జి ఎంతో ఓదార్పుగా. "మా నాన్నగారూ ఏటేటా వస్తారండి. విస్తరి గోడమీద పెట్టగానే కాకి రూపంలో వచ్చేస్తారు. మనసులో తలుచుకుంటే చాలండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇతనికి జపాన్ సంగతులు చెప్పి ఏం ప్రయోజనమని ఊరుకున్నాను. అతను మాత్రం ఊరుకోలేదు. "కింద మూల మా షాపు పేరు పడుద్దండి. అది తీసెయ్యమంటే మాత్రం కుదరదండి, అదొక్కటే మాకు పబ్లిసిటీ."

"చిన్నగా వేసుకో" అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను అప్పుడే మరిచిపోయాను.

మర్నాడు పొద్దున్నే కడియం నుంచి తెల్ల చామంతులు దిగాయి, ఆటో నిండా. బల్ల మీద తెల్లదుప్పటి పరిచి, ఫోటో నిలబెట్టి, చుట్టూ పూలు పేర్చడం మొదలుపెట్టాను. మా అత్తగారు వత్తులు చేసుకుంటూ హాల్లోకి వచ్చారు. వచ్చి, ఆగిపోయారు.

"ఏంటే అమ్మాయ్, ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదండి. వస్తున్నారు."

"బతికున్నవాడి ఫోటోకి పూలేంటే?"

"దండ వేశానా అత్తయ్యగారూ? దండ వేస్తే పోయినట్టు. పక్కన పేరిస్తే మర్యాద. ఆ తేడా తెలియాలి."

ఆవిడ దగ్గరికొచ్చి అన్నం గిన్నెలోకి తొంగిచూశారు. పుల్లలు నూడిల్స్ బండివాడి దగ్గర అడిగి తెచ్చినవి. "ఈ ముద్దేంటి? ముద్దలో పుల్లలేంటి? మనవైపు ఫోటో ముందు ఇలా ముద్ద పెడితే ఏమంటారో తెలుసా?"

"అది మనవైపు. ఇది జపాన్."

"చావు ఏ వైపైనా చావేనే. వాసన తెలుస్తది."

"అది అగరొత్తుల వాసనండి" అన్నాను. ఆ సమాధానానికి ఆ క్షణంలో నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆవిడ లోపలికి వెళ్ళి, కావాలని, పసుపు రంగు చీర కట్టుకుని వచ్చారు. నేను మాత్రం నల్లంచు నల్లచీర కట్టుకున్నాను. మా ఆయన చేత నల్లచొక్కా, నల్లప్యాంటు వేయించాను.

అది మార్గశిరం. ఊరంతా అయ్యప్ప మాలలు. ఆయన ఐసు కోసం వీధి చివరిదాకా వెళ్ళివచ్చేలోపు నలుగురైదుగురు ఆపి పలకరించారట.

"స్వామీ, ఎప్పుడు వేశారు స్వామీ?"

"పొద్దున్నేనండి. మా ఆవిడ వేయించింది."

"అదృష్టవంతులు స్వామీ. మా ఇంట్లో అలా ప్రోత్సహించరు."

అప్పటికి మేనేజరు గారు కూడా నల్లచొక్కాలో దిగారు. అందరినీ వరసగా నిలబెట్టి శిక్షణ ఇచ్చాను. నడుము దాకా వంగాలి. వంగాక వెంటనే లేవకూడదు. మాట్లాడకూడదు. అన్నిటికంటే ముఖ్యం, నవ్వకూడదు. నవలలో ఆ హాల్లో ఎవరూ నవ్వలేదు.

"ఇంటికొచ్చిన మనిషిని చూసి నవ్వకపోతే ఎలాగే?" అన్నారు మా ఆయన.

"వాళ్ళ దగ్గర అది గౌరవం. మీకు రొయ్యల సంగతి తెలుసు, నాకు జపాన్ సంగతి తెలుసు. ఎవరి పని వాళ్ళం చేద్దాం."

కారు వచ్చింది. ముందు దుబాసీ అమ్మాయి దిగింది, శ్రావ్య అని, కాకినాడ పిల్ల, జపాన్‌లో చదువుకుని వచ్చింది. వెనక మొరిత గారు. సన్నగా, తెల్లజుట్టుతో, ఇస్త్రీ చెరగని చొక్కాతో ఉన్నారు. గేటు తీసినవాడికి వంగారు, తులసికోటకి వంగారు, అడ్డమొచ్చిన మా కుక్కకి కూడా కొద్దిగా వంగినట్టే అనిపించింది. నాకు ఒక్క క్షణం అనుమానమొచ్చింది. నేను చదివిన నవలలన్నిటిలో అందరికంటే మర్యాదస్తుడే హంతకుడు. కానీ అప్పుడు దాని గురించి ఆలోచించే తీరిక లేదు.

ఆయన గుమ్మం దగ్గర బూట్లు విప్పి, వాటిని తీర్చినట్టు సర్ది, తల పైకెత్తారు.

హాలంతా అగరుపొగ. పొగలోంచి తెల్ల చామంతుల గోడ. గోడ మధ్యలోంచి, నల్ల ఫ్రేములోంచి, ఆయన వైపే గంభీరంగా చూస్తున్న ఆయన. ముందు అన్నం, అన్నంలో పుల్లలు. రెండువైపులా నల్లదుస్తుల్లో మేము. నేను సైగ చేశాను. అందరం నడుము దాకా వంగాం. ఎవరూ లేవలేదు. ఎవరూ నవ్వలేదు. మేనేజరు గారు ముక్కు చీదిన చప్పుడు ఒక్కటే వినిపించింది. అది జలుబు. కానీ ఆ సందర్భానికి ఎంత బాగా కుదిరిందో చెప్పలేను.

శ్రావ్య చేతిలోంచి బ్యాగు కింద పడింది. మొరిత గారు గుమ్మంలోనే స్తంభంలా నిలబడిపోయారు. చాలా నెమ్మదిగా, చాలా మర్యాదగా జపాను భాషలో ఏదో అన్నారు. శ్రావ్య బ్యాగు తీసుకుంటూ ఆయన వైపు, మా వైపు మార్చి మార్చి చూసింది.

నేను వంగిన నడుము ఎత్తి, చిరునవ్వు బిగపట్టుకుని, "ఏమన్నారమ్మా?" అన్నాను. మెచ్చుకోలు వినడానికి సిద్ధంగా.

"ఆంటీ... ఆయన అడుగుతున్నారు..."

"చెప్పమ్మా, పరవాలేదు."

"తను ఎప్పుడు పోయారని అడుగుతున్నారు ఆంటీ."

మూలనుంచి మా అత్తగారి గొంతు తాపీగా వినిపించింది. "నేను చెప్పలేదటే?"

అంత జరిగినా నేను వాదనకి దిగాను. అలవాటు. "అదేంటమ్మా, జపాన్‌లో సన్మానం ఇలాగే కదా చేస్తారు. నేను నవలలో చదివాను. ముఠానాయకుడు తెర వెనక బతికే ఉన్నాడు కదా."

శ్రావ్య కళ్ళు పెద్దవయ్యాయి. "అయ్యో, అది నేనూ చదివాను ఆంటీ. పోలీసుల నుంచి తప్పించుకోడానికి అతను చచ్చిపోయినట్టు నాటకం ఆడతాడు. అవి అతని అంత్యక్రియలు. తన చావుకి ఎవరు ఏడుస్తారో చూడ్డానికి తెర వెనక కూర్చుంటాడు. దాని ముందు అధ్యాయమంతా అదే కదా."

"ముందు అధ్యాయం నేను చదవలేదు" అన్నాను.

మా ఆయన నా వైపు చూశారు. నడివేసవిలో చెరువు మధ్యలో రొయ్యలకి ఊపిరి అందించే గాలిచక్రాలన్నీ ఒక్కసారి ఆగిపోతే గట్టుమీద నిలబడి చూస్తారే, ఆ చూపు. తిట్టి ఉంటే నేను ఎదురు చెప్పి బతికిపోయేదాన్ని. ఆయన రెండడుగులు ముందుకు వేసి, చేతులు జోడించారు.

"అమ్మా, ఆయనతో చెప్పండి. ఇది మాకు తెలియక చేసిన తప్పు. దీనికీ నా చెరువులకీ సంబంధం లేదని చెప్పండి. చెరువులు ఒక్కసారి చూసి వెళ్ళమనండి. చూశాక ఆయన ఏమన్నా సరే."

నేను నల్లచీర కొంగు పట్టుకుని నిలబడ్డాను.

శ్రావ్య చెప్పింది. మొరిత గారు విన్నారు. విని, నేరుగా తన ఫోటో దగ్గరికి నడిచారు. కళ్ళజోడు సర్దుకున్నారు. రొయ్యల తనిఖీకి వచ్చిన మనిషి తనిఖీ మొదలుపెట్టారు. పూలు ముట్టుకుని చూశారు. ఫ్రేము మూలలు చూశారు. అగరొత్తుల బూడిద పడే గిన్నెలోకి వంగి చూశారు. అన్నం దగ్గర ఆగి ఏదో అడిగారు.

"పుల్లలు పక్కకి వాలకుండా ఎలా నిలబెట్టారని అడుగుతున్నారు ఆంటీ."

"అన్నం కాస్త మెత్తగా వండానమ్మా" అన్నాను, హత్య ఒప్పుకుంటున్నదానిలా.

ఆయన తల పంకించారు. ఒక అగరొత్తి తీసి వెలిగించారు. తన ఫోటో ముందు నిలబడి, చేతులు జోడించి, కళ్ళు మూసుకున్నారు. ఏం చెయ్యాలో తెలియక మేమందరం కూడా తలలు వంచేశాం. కాసేపటికి ఆయన భుజాలు కదలడం కనిపించింది. చచ్చాను, ఆయన్ని ఏడిపించాను కూడా అనుకున్నాను.

ఆయన నవ్వుతున్నారు. ముందు చప్పుడు లేకుండా, తరవాత చప్పుడుతో, ఆ తరవాత కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ. మేనేజరు గారు నా వైపు బెదురుగా చూశారు, నవ్వవచ్చా అన్నట్టు. నేను తల ఊపాను. ఆ తరవాత మా హాల్లో లేచిన నవ్వుకి వీధిలోవాళ్ళు వచ్చి తొంగిచూశారు. నల్లబట్టలు, శవపూజ, మధ్యలో విరగబడి నవ్వుతున్న జనం. వాళ్ళు ఏమనుకున్నారో నేను ఇప్పటివరకూ అడగలేదు.

మా అత్తగారు మాత్రం నవ్వలేదు. "నవ్వింది చాలు. ఆయన్ని మళ్ళీ గుమ్మం బయటికి పంపండి. బతికున్నవాడికి ఇలాంటివి చేస్తే ఆయుక్షీణం" అని, లోపల్నుంచి గుప్పెట నిండా రాళ్ళ ఉప్పు తెచ్చారు. మొరిత గారిని గుమ్మం బయట నిలబెట్టి, ఇటు మూడుసార్లు, అటు మూడుసార్లు దిష్టి తిప్పి, ఉప్పు పక్కకి విసిరేసి, "ఇప్పుడు రా నాయనా" అన్నారు.

మొరిత గారి ముఖం మారిపోయింది. కిందపడ్డ ఉప్పుని చూస్తూ, శ్రావ్యతో ఏదో ఆత్రంగా అన్నారు.

"అమ్మమ్మగారూ, వాళ్ళ దేశంలో కూడా చావింటి నుంచి వచ్చినవాళ్ళు గుమ్మం బయటే ఒంటిమీద ఉప్పు చల్లుకుని లోపలికి వెళతారండి. ఇది మీరు ఏ పుస్తకంలో చదివారని అడుగుతున్నారు."

"పుస్తకమేంటి, మా అమ్మ చేసేది" అన్నారు మా అత్తగారు. అని నా వైపు తిరిగి, "ఈసారి ఎవరన్నా వస్తే ముందు నన్నడుగు" అన్నారు.

ఉప్పు దిష్టి అయ్యాక మొరిత గారు మా ఇంట్లో తిన్న తిండి గురించి ఎంత చెప్పినా తక్కువే. ఆయన పద్ధతి, విస్తట్లో ఏదీ మిగల్చకపోవడం. మన పద్ధతి, విస్తట్లో ఏదైనా అయిపోతే మళ్ళీ వేయడం. రొయ్యల ఇగురు, చేపల పులుసు, ముద్దపప్పు, ఆవకాయ, పూతరేకులు. ఈ రెండు పద్ధతులూ ఎదురెదురుగా నిలబడి చాలాసేపు పోరాడాయి. చివరికి ఆయన చేతులు రెండూ విస్తరి మీద అడ్డం పెట్టుకుని, తన ఫోటో వైపు చూపించి ఏదో అన్నారు. మళ్ళీ అక్కడికే పంపుతారా అని అడిగారట.

సాయంత్రం దాకా చెరువుల మీదే ఉన్నారు. తొట్టిలో చెప్పులు ముంచారు, నీళ్ళు సీసాల్లో పట్టారు, మేత గోదాములో మూలమూలా చూశారు. నేను కారులోంచి దిగలేదు. నా ముఖం రొయ్యలకి కూడా చూపించే ధైర్యం లేదు. చీకటి పడే ముందు అందరూ గట్టు దిగి వచ్చారు. మా ఆయన ముఖంలో ఏమీ తెలియడం లేదు. శ్రావ్య కారు అద్దం తట్టింది.

"ఆంటీ, మొరిత గారు ఒప్పుకున్నారు. కారణం కూడా చెప్పమన్నారు. నీళ్ళు బాగున్నాయి, రొయ్య బాగుంది, కానీ అలాంటి చెరువులు ఇంకొన్ని చూశారట. రూలు కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చేసే మనుషులు దొరకడమే కష్టమట. అర్థం తెలియకపోయినా, తప్పని పక్కవాళ్ళు చెబుతున్నా, చదివినదాంట్లో ఒక్క పువ్వు కూడా తగ్గకుండా చేసిన ఇల్లు ఆయన ఎక్కడా చూడలేదట. అలాంటి ఇంటికి తమ రూలు పుస్తకం నమ్మకంగా ఇవ్వొచ్చన్నారు."

నేను తల ఎగరేసి మా ఆయన వైపు చూశాను. ఆయన అప్పుడు మనసారా నవ్వారు, పొద్దున్నించీ మొదటిసారి. "కాకపోతే ఆ రూలు పుస్తకం మాత్రం మొదటి పేజీ నుంచి చదవమన్నారు" అన్నారు. అది మొరిత గారు అన్నదో, ఈయన కలిపిందో ఇప్పటికీ తేలలేదు.

వెళుతూ వెళుతూ మొరిత గారు ఆ ఫోటో ఇమ్మని అడిగి మరీ తీసుకున్నారు. పాత దుప్పటిలో చుట్టి కారెక్కించాం. కొన్నాళ్ళకి శ్రావ్య ఫోన్ చేసింది.

"ఆంటీ, మొరిత గారి భార్యకి ఆ ఫోటో తెగ నచ్చేసిందట. వాళ్ళ దగ్గర పెద్దవయసులో చాలామంది అలాంటి ఫోటో ముందే తీయించి పెట్టుకుంటారు, అసలు రోజుకి వెతుక్కోకుండా. ఈయన ఎంత చెప్పినా స్టూడియోకి వెళ్ళేవారు కాదట. ఇప్పుడు ఇదే ఖాయం చేశారు. జాగ్రత్తగా బీరువాలో దాచారట. ఒక్కటే అడగమన్నారు. కింద మూల మీ భాషలో చిన్న అక్షరాలున్నాయట, ఏదో ఆశీర్వాదం అయి ఉంటుందని ఆవిడ రోజూ దణ్ణం పెట్టుకుంటున్నారట. దాని అర్థం ఏంటి ఆంటీ?"

ఆ రోజు పూల మధ్య ఆ ఫ్రేముని తీసిన ఫోటో నా ఫోన్లో ఇంకా ఉంది. పెద్దది చేసి చూశాను.

"బుజ్జి ఫ్లెక్సీ ప్రింటింగ్, భీమవరం. సకల శుభకార్యములకు సంప్రదించండి."

"ఆశీర్వాదమేనమ్మా" అన్నాను. ఇంకేం అనను?

ఆ రోజే దేవుడి గది ముందు, ఇంటిల్లిపాదినీ నిలబెట్టి ఒట్టు వేయడానికి సిద్ధపడ్డాను. ఇకమీదట ఏ పుస్తకమైనా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వరసగా చదువుతాను. మధ్యలో వేలు పెట్టను. చదివినదాన్ని ఇంటికొచ్చినవాళ్ళ మీద ప్రయోగించను. తెల్ల చామంతులు కొనాల్సి వస్తే అత్తగారిని అడిగి కొంటాను. చెయ్యి ముందుకు చాచి, గొంతు గంభీరంగా పెట్టి, "మొరిత గారి మీద ఒట్టు" అనబోయాను.

మా అత్తగారు నా చెయ్యి పట్టి ఆపేశారు. "ఆయన్ని ఒకసారి చంపావు, చాలు. నీమీద నువ్వు వేసుకో."

వేసుకున్నాను.